నాయన కొట్టిన చప్పట్లు

"మైకులో, ఇంగ్లీషులో చెప్పింది నల్లమ్మా! వాన రావాల్సిన టైమయిందని! నా కూతురు నోరు తెరిస్తే బడంతా గమ్మునైపోయినాది."

జయరాం ఈ మాట ఊళ్లో చెప్పని మనిషి లేడు. టీ బంకు దగ్గర చెప్పాడు, పాలు పోసేచోట చెప్పాడు. ఇవాళ తన ఇంటి ముందు కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్న నల్లమ్మకూ, ఆమె కూతురు జాయ్‌కీ చెబుతున్నాడు. పక్కనే ఉన్న తన కూతురు హరిత తల ఎత్తలేదు. బొటనవేలు మండుతున్నా కాయ మీద కాయ నొక్కుతూనే ఉంది.

బడి వార్షికోత్సవానికి ముందు చంద్రిక టీచరు ఒక మాట నేర్పింది. "ఎప్పుడో జరగాల్సిన పని ఇంకా జరగకపోతే 'ఇట్ ఈజ్ హై టైమ్' అంటారు. ఆ మాట వినిపించిందంటే ఏదో ఒకటి మారక తప్పదని అర్థం. మీ ఇంట్లో ఏం మారాలో ఆలోచించి, దాంతో ఒక వాక్యం తయారుచేసుకుని రండి" అంది.

హరితకు వాళ్లమ్మ గొణుగుడు గుర్తొచ్చింది. ఏటా ఆ ఎర్రనేలలో అదే పంట, ఏటా వాన మొహం చాటేయడం, చివరికి కాయల్లేని మొక్కలు పీకి గొర్రెలకు వేయడం. వార్షికోత్సవం నాడు మైకు పట్టుకుని, "ఇట్ ఈజ్ హై టైమ్ మై ఫాదర్ స్టాప్డ్ సోయింగ్ గ్రౌండ్‌నట్" అనేసింది. మా నాయన శెనక్కాయ విత్తడం ఎప్పుడో మానాల్సింది అని. ముందు వరసల్లో అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ నాయన, కూతురు ఏదో గొప్పగా చెప్పిందనుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వస్తూ బండి మీద అడిగాడు, "ఏం చెప్పినావమ్మా?" అని.

"వాన రావాల్సిన టైమయిందని చెప్పినా నాయనా."

ఆ అబద్ధం ఆలోచించకుండానే నోట్లోంచి జారింది. ఆనాటి నుంచి అది నాయన నోట్లో ఊరంతా తిరుగుతోంది.

"ఏదీ, ఇంగొకసారి చెప్పమ్మా, నల్లమ్మ ఇంటాది" అన్నాడు జయరాం.

"వద్దులే నాయనా."

"ఏమప్పా, మైకు పెడ్తేనే చెప్తావా? జాయ్, నువ్వూ ఆడే ఉంటివి గదా. బాగా చెప్పిందా, లేదా?"

జాయ్ హరిత వైపు చూడలేదు. చాటలో పొట్టు ఊదుతూ, "బాగా చెప్పింది మామా. వాన గురించే" అంది.

హరిత చెవులు వేడెక్కాయి. తన అబద్ధాన్ని ఇప్పుడు జాయ్ కూడా మోస్తోంది.

"వాన గురించి కాదు నాయనా" అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్లీ చెప్పింది. "నువ్వు శెనక్కాయ ఇత్తేది ఎప్పుడో మానాల్సిందని చెప్పినా."

కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. ముందు తేరుకున్నది నల్లమ్మే. "ఓస్, ఇంతేనా! మీ ఇంట్లో పాపోళ్లమ్మ ఏటేటా చీపురు పట్టుకోని చెప్పేదీ ఇదే గదన్నా. పాప ఇంగ్లీషులో చెప్పింది, అంతే!"

నాయన కూడా నవ్వేస్తాడని హరిత ఎదురుచూసింది. ఆయన చేతిలోని గింజల్నే చూసుకుంటున్నాడు.

"అయితే వాళ్లంతా నవ్వింది నన్ను జూసేనా?" అన్నాడు మెల్లగా. "నేనేమో అందరి ముందరా చప్పట్లు కొడ్తిని."

గింజల్ని చాటలో పోసి హరిత వైపు తిరిగాడు.

"నాతో ఒక మాట చెప్పింటే కాదామ్మా? ఇంట్లో, తెలుగులో?"

చెప్పి ఉండొచ్చు. ఒక్కసారి కూడా చెప్పలేదు. మైకులో అంతమందికి చెప్పడానికి వచ్చిన ధైర్యం, పక్కన కూర్చుని అన్నం తినే మనిషికి చెప్పడానికి రాలేదు. కన్నీళ్లు పొట్టు మీద పడకుండా ఆమె మోకాళ్లలో తల దాచుకుంది.

జయరాం లేచి, ఇంకా విప్పని శెనక్కాయల మూట దగ్గరికి పోయాడు. "దీన్ని ఒలవద్దు నల్లమ్మా. గుట్ట కింద చేన్లో ఈసారి కొర్ర ఇత్తుదాం. ఏమైతాదో సూద్దాం" అన్నాడు.

మూట భుజానికెత్తుకుని ఇంట్లోకి నడిచాడు. రోజూ హరిత పక్కనుంచి పోతే జడ పట్టి ఒకసారి లాగి పోయేవాడు. ఇవాళ ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చినా, జడ వీపు మీదే ఉన్నా, ముట్టుకోకుండా దాటిపోయాడు.