ఐమన్ అడగాల్సిన మూడు ప్రశ్నలు

నాకు కోపం ఎక్కువ. హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం మీది గదిలో ఆరేళ్లుగా జపనీస్ నేర్పుతున్నాను. కోపం తగ్గలేదు సరికదా, ఐమన్ వచ్చాక ఇంకాస్త పెరిగింది. నర్సింగ్ చదివిన పిల్ల. జపాన్‌లోని ఓ వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూలో తప్పింది. ఇది మూడోది. ఇదీ పోతే మళ్లీ పిలవరు.

"ఇంటర్వ్యూలో అక్కడుండే ఓ పెద్దాయన్ని మూడు ప్రశ్నలు అడగాలి. బాగున్నారా, నిద్రపట్టిందా, భోజనం చేశారా. చివర్లో ప్రశ్నకు పెట్టే 'కా' మర్యాదగా పలుకు. నీ సంగతులు మాత్రం చెప్పకు" అని నూరుసార్లు చెప్పాను.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం" అంది. ఫికరంతా నాదే.

పొద్దున తొమ్మిదికి వీడియో కాల్ మొదలైంది. తెర మీద ఫైలు పట్టుకున్న ఆశ్రమం మేనేజరమ్మ, పక్కన చక్రాల కుర్చీలో పెద్దాయన. ఆయన ముందు ముట్టని గంజి గిన్నె. అక్కడ మధ్యాహ్న భోజనం వేళ.

"ఓగెంకి దెస్ కా?" బాగున్నారా అంది ఐమన్. ఆయన పలకలేదు. నిద్ర గురించి అడిగింది. పలకలేదు. "గోహన్ ఓ తబెమాష్త కా?" భోజనం చేశారా? ఊహూఁ.

మనవాళ్లు ఊరుకుంటారా! ఎదుటివాళ్లు మాట్లాడకపోతే మన సంగతే చెప్పేస్తాం. "నేనింకా తినలేదండీ" అనేసింది ఐమన్ జపనీస్‌లో. నేను తల పట్టుకున్నాను.

పెద్దాయన కళ్లెత్తాడు. "ఎందుకు?"

రంజాన్ నెల, ఐమన్‌కు రోజా ఉపవాసం. ఆ మాటకు జపనీస్ నేను నేర్పలేదు. "సాయంత్రం... అమ్మతో కలిసి తింటాను" అంది.

ఆయన గిన్నె పక్కకు నెట్టాడు. "అయితే నేనూ సాయంత్రమే తింటా."

మేనేజరమ్మ ముఖం ముడుచుకుంది. ఉద్యోగం పోయిందనుకున్నాను. తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఐమన్ తెర దగ్గరికి జరిగింది. "మా సాయంత్రానికి మీకు బాగా రాత్రవుతుంది. ఇప్పుడు కొంచెం తినరా?" వాళ్లమ్మ బతిమాలే గొంతే అది. అంత మర్యాదగా క్లాసులో ఒక్కనాడూ అడగలేదు.

ఆయన చెంచా అందుకున్నాడు. ఒకసారి తాగాడు, రెండోసారి తాగాడు. మూతి తుడుచుకుని అడిగాడు, "నువ్వెప్పుడొస్తావు?"

మొదటి పాఠంలోని ప్రశ్నే. ఐమన్ నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చింది.

మేనేజరమ్మ ఫైలు మూసింది. "జూన్‌లో వస్తుంది" అని ఆయనకే చెప్పింది.