పున్నమి దాకా అవిసెలు

పెనం మీద నువ్వులు చిటపటమంటున్నాయి. ఇంకొంచెం వేగితే చేదెక్కుతాయని దించబోతుంటే, వెనక నుంచి నా కొడుకు జయరాం నవ్వాడు.

"ఎన్ని గింజలు తినిపిస్తావమ్మా? ఈమె ముట్టు మనూరి వాన మాదిరే. వస్తే వస్తాది, లేకుంటే లేదు."

రోలు దగ్గర కూర్చున్న కోడలు పద్మప్రియ ఇంకాస్త గట్టిగా దంచింది.

ఆ గింజల సంగతి వారపత్రికలో కూడబలుక్కుని చదివింది నేనే. బడి మొహం చూడనిదాన్ని, పొట్లాం కాగితాలతో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ముట్టు సరిగా రానివాళ్ళు చంద్రుణ్ని చూసుకుని తినాలని ఉంది అందులో. అమావాస్య నుంచి పున్నమి దాకా అవిసెలు, గుమ్మడి గింజలు. పున్నమి దాటాక నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. నిజమో కాదో నాకు తెలియదు. కానీ పొద్దు గూకాక మిద్దె మీద మేమిద్దరం ఆ గింజలు నములుతూ కూర్చుంటే బీడు చేల మీదుగా వెన్నెల మా దాకా నడిచివచ్చేది. నాకు ముట్లుడిగి ఏళ్ళయినా, లోపల ఏదో మెల్లగా నిండుతూ తగ్గుతూ ఉన్నట్టుండేది.

"ముట్టే సరిగా రాకుంటే బిడ్డలెట్లయితారు? అమావాస్య లోపల రాకుంటే గోరంట్లలో వాళ్ళమ్మ కాడ వదిలేస్తా. కొన్నాళ్ళుండి రానీ" అన్నాడు జయరాం.

ఆ 'కొన్నాళ్ళు' నాకు తెలుసు. మా తోడికోడలు సువర్ణక్కను కూడా, బిడ్డలు లేరని, 'కొన్నాళ్ళు' అనే పుట్టింటికి పంపారు; మళ్ళీ పిలవనే లేదు. ఆ రోజుల్లో విత్తనపు శెనక్కాయలు ఒలిచేటప్పుడు మేం తినేస్తామని మా అత్త మా చేత పాట పాడించేది. పాట ఆగితే, "ఏమే, నోట్లో ఏముండాది?" అని అరిచేది. నాకు ఆకలైనప్పుడల్లా అక్క నా నోట్లో నాలుగు గింజలు వేసి, నా గొంతు కూడా తనదే చేసుకుని గట్టిగా పాడేది. ఆమె ఎక్కిన కదిరి బస్సు లేపిన దుమ్ము నా కళ్ళలో ఇంకా అణగలేదు. ఈ పిల్ల కూడా అట్లా పోతుందేమోనన్న దడతోనే నేను రోజూ పొయ్యి వెలిగించేదాన్ని.

అమావాస్యకు ముందురోజు, బట్టలుతికే బండ దగ్గర పద్మప్రియ నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చినాదత్తా."

నా ఒళ్ళు దూదిలా తేలింది. "ఉండు, వానికి చెప్పేసి వస్తా."

"చెప్పొద్దు. వస్తే ఉండమంటాడు, రాకుంటే పొమ్మంటాడు. ఎట్లైనా ఆయప్పదే మాటనా? హిందూపురంలో బట్టలు కుట్టేకాడ మా చిన్నమ్మ పని చూసి పెట్టినాది. నేను పోతానత్తా."

"మరి ఇన్నినాళ్ళూ ఆ గింజలెందుకు తింటివే?"

"నేను బాగుండాలని."

అంత చిన్న మాట మా ఇంట్లో ఏ ఆడదీ అనగా నేను వినలేదు.

మర్నాడు జయరాం వాకిట్లోకి ఆటో పిలిచాడు. పద్మప్రియ సంచితో గడపలో నిలబడింది. వాడు ఆమెను అడగలేదు, నన్నడిగాడు.

"ఏమ్మా, వచ్చినాదా, లేదా?"

వచ్చినాదన్న ఒక్క మాట చాలు, ఆమె ఉండిపోతుంది. సాయంత్రం మిద్దె మీద నా పక్కన కూర్చుంటుంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"రాలేదు నాయనా" అన్నాను. "పోనీ."