ముల్లు వైపు చూడొద్దు

టెస్టు మైదానం కంచె బయట నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. లోపల నా కారు వరసలో నాలుగోది. ఇంజను ఆపకుండా నిలబడి ఇరవై నిమిషాలైంది. డ్రైవరు సీట్లో ఆయా ఉంది. స్కూలు వ్యానులో పిల్లల్ని ఎక్కించి దింపడం ఆవిడ పని. వ్యాను నడిపే పెద్దాయన మానేశాడు. సోమవారంలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఆ స్టీరింగు నీదేనని హెడ్మిస్ట్రెస్ ఆవిడకి మాటిచ్చింది. లేకపోతే కొత్త మనిషి వస్తాడు. ఈరోజు శుక్రవారం.

ఆవిడ గురించి నాకు బెంగ లేదు. ఇన్నేళ్లుగా డ్రైవింగు నేర్పుతున్నాను, చెప్పింది చెప్పినట్టు ఇంత శ్రద్ధగా చేసేవాళ్లు నాకు దొరకలేదు. నా బెంగంతా కారు గురించే.

పదిరోజులుగా దాని వేషాలు చూస్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు సగం దాకా బుద్ధిగా ఉండి, ఉన్నట్టుండి ఎరుపు దాకా పాకుతుంది. నేను దేవుడా అనుకునేలోపు టక్కున కిందికి పడిపోతుంది. హీటరు వేస్తే ఓసారి వేడిగాలి, ఓసారి చల్లగాలి. మెకానిక్ మా బావమరిదే. రేడియేటరుకి ఉండే రెండు గొట్టాలూ ముట్టుకుని చూడమన్నాడు. పైది చురుక్కుమంది, కిందిది చల్లగా ఉంది. థర్మోస్టాట్ పోతోంది బావా అన్నాడు. ఇంజను వేడెక్కగానే తెరుచుకుని నీళ్లని రేడియేటరులోకి వదిలే బుల్లి తలుపట అది. ఒక్కోసారి తెరుచుకుంటోంది, ఒక్కోసారి మొరాయిస్తోంది, ఓ పూట కారు నా దగ్గర వదిలెయ్ అన్నాడు. వాడికేం, ఎన్నైనా చెబుతాడు. పూటంటే నాకు నాలుగు క్లాసులు. వాడి మాట పెడచెవిన పెట్టాను.

ఆయాకి మాత్రం ఆ ముల్లు రెండో రోజే కంటపడింది. అది పైకి పోతోందేమిటి మాస్టారూ అని అడిగింది. నాకు చిరాకేసింది. తప్పు నాదైనప్పుడే నాకు కోపం తొందరగా వస్తుంది. అటు చూడకండమ్మా, రోడ్డు చూడండి అని కసిరాను. మర్నాడూ అడిగింది, మర్నాడూ కసిరాను. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. అమ్మయ్య అనుకున్నాను.

నాలుగో నంబరు పిలిచారు. ఇన్‌స్పెక్టరు ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు. ఎనిమిది అంకె చక్కగా తిప్పింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది రివర్సులో రెండు కర్రల మధ్య పెట్టడమే. అప్పుడే బానెట్ అంచు నుంచి తెల్లగా ఆవిరి లేచింది. ఆపండమ్మా, ఆపండి అని గొణుక్కుంటూ కంచె పట్టుకుని వేలాడాను. ఆవిడ ఆపలేదు. మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ, నేను నేర్పినట్టే, కారుని ఆ కర్రల మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టింది. ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని దిగిపోయాడు.

నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆయన ఆవిడని నిలదీస్తున్నాడు.

“ముల్లు ఎరుపులో ఉంటే చూడలేదా మీరు?”

“చూశానండి. దాన్ని పట్టించుకోవద్దని మా మాస్టారు చెప్పారు.”

ఆ గొంతులో నా మీద ఫిర్యాదు లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. తప్పు నాదేనండీ, కారు పాడైందని తెలిసే తెచ్చాను అని ఇన్‌స్పెక్టరుతో ఒప్పేసుకున్నాను. కావచ్చు, కానీ వెనకాల పిల్లలున్న రోజు బండి ఆపాల్సింది ఈవిడే కదా అన్నాడాయన. నెల తర్వాత మళ్లీ రమ్మని కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

కారుని అక్కడే వదిలి గేటు వైపు నడిచాం. దారంతా నేను వాగుతూనే ఉన్నాను. హెడ్మిస్ట్రెస్‌తో నేనే మాట్లాడతానన్నాను. కొత్త మనిషిని నెల రోజులు ఆపమని బతిమాలతానన్నాను. ఆపరని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

“మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నేను అలాగే మనసులో పెట్టుకున్నాను. ఇలా చూడొద్దన్నవి అందులో ఇంకేమైనా ఉన్నాయా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి.”

లేవమ్మా అనబోయాను. కానీ రెండు గుర్తొచ్చాయి.