సంత రోజు సున్నా

శనివారం మధ్యాహ్నం ఆ ఉత్తరం మెయిల్‌లో వచ్చినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, ఆ సంగతి ఉట్నూర్‌లో అందరికీ తెలుసు. రెండోసారి చదివాక మాత్రం కోపం పోయి భయం పట్టుకుంది.

నా పేరు అజీజా. ఉట్నూర్ బయట, అడవి వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న రెండు గదుల కేంద్రంలో ఆపరేటర్‌ని. ఊరివాళ్లు దాన్ని గాలి ఆఫీసు అంటారు. దేశమంతటా గాలిలో ఓజోన్ ఎంతుందో కొలిచే కార్యక్రమంలో మాదొక చిన్న ముక్క. ఓజోన్ అనగానే చదువుకున్నవాళ్లు కూడా ఆకాశం వైపు చూసి "చిల్లు పూడిందా మేడం?" అంటారు. పైన ఎక్కడో ఉండి మనల్ని ఎండ నుంచి కాపాడే ఓజోన్ వేరు, దాన్ని బెలూన్లు పంపి చూసేవాళ్లు వేరు. మేం కొలిచేది మనం పీల్చే ఎత్తులో ఉన్నదాన్ని. అది ఎక్కువైతే ఊపిరితిత్తులకూ చెడ్డది, పత్తికీ చెడ్డది. ఈ తేడా చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టింది.

ఉత్తరంలో ఏముందంటే, నిరుడు వానాకాలం నుంచి ప్రతి సంత రోజూ పదకొండింటి నుంచి రెండింటి దాకా మా అంకెలు దాదాపు సున్నా. మిగతా రోజుల్లో అదే వేళకు ముప్పై, నలభై ఉంటున్నాయి. పట్టపగలు ఎండలో ఓజోన్ సున్నా కాదు. కాబట్టి ఆపరేటర్ పరీక్ష కోసం వాల్వు తిప్పి, మళ్లీ యథాస్థానంలో పెట్టడం మరిచి సంతకు వెళ్తోందని వాళ్ల అనుమానం. సోమవారం, సంత రోజే, అధికారి స్వయంగా వచ్చి చూస్తారు. అనుమానం నిజమైతే ఏడాది లెక్కలన్నీ కొట్టేస్తారు.

ఆ వాల్వు సంగతి చెప్పాలి. వారానికోసారి, సంత రోజు పొద్దున, యంత్రం గొట్టాన్ని బయటి గాలి నుంచి తప్పించి బొగ్గు ఫిల్టర్ వైపు తిప్పుతాను. బొగ్గు ఓజోన్‌ను పట్టేస్తుంది కనుక అంకె సున్నాకు వస్తుంది. వచ్చిందంటే యంత్రం బాగున్నట్టు. పది నిమిషాలయ్యాక వాల్వును మళ్లీ బయటి గాలికి తిప్పి, ఏసీ గది తలుపు మూసి, సంచి పట్టుకుని సంతకు పోతాను. అరగంటలో తిరిగొచ్చి ముందు గదిలో కాగితాల పని చూసుకుంటాను. చల్లదనం పోతుందని సాయంత్రం ఐదు దాకా లోపలి తలుపు తీయను.

వాల్వు తిప్పినట్టు నాకు గుర్తుంది. కానీ మా అమ్మీకి కూడా పొయ్యి ఆర్పినట్టే గుర్తుండేది. అమ్మీకి ఈ మతిమరుపు సరిగ్గా నా వయసులో, నలభై తొమ్మిదిలో మొదలైంది. తలుపుకు తాళం వేసి, ఎవరు వేశారని మమ్మల్ని తిట్టేది. చివరి ఏడాది నా చెయ్యి పట్టుకుని "కిస్కీ బేటీ అమ్మా తూ?" అని, ఎవరి కూతురివమ్మా అని నన్నే అడిగింది. నేను వాల్వు తిప్పడం మరిచి ఉంటే, రెండింటికి లోపలికి పోయి దాన్ని సరిచేసింది ఎవరు? నేనే అయి ఉండాలి. మరిచిపోవడం ఒక ఎత్తు, సరిచేసిన సంగతి కూడా మరిచిపోవడం ఇంకో ఎత్తు. నాకు చచ్చేంత భయం వేసింది.

మా ఆయన మోయిజ్ నా ముఖం చూసి "నౌకరీ ఫికరా?" అన్నాడు. ఉద్యోగం దిగులే, అవునన్నాను. నౌకరీ పోతే పోనీ, బుర్ర మిగిలితే చాలని లోపల మొక్కుకుంటున్నట్టు ఆయనకు చెప్పలేకపోయాను. ఆదివారమంతా నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. మేనమామ పిల్లలందరి పేర్లు, కాగజ్‌నగర్ మిల్లు మూసిన ఏడు, తెరిచిన ఏడు, అన్నీ టకటకా వచ్చాయి. అమ్మీకి కూడా పాతవన్నీ టకటకా వచ్చేవి.

సోమవారం పదింటికి హైదరాబాద్ ఆఫీసు నుంచి అధికారి జలపతిరావు దిగాడు. కరీంనగర్ మనిషి, పొడుగు, నవ్వు ముఖం కాదు. ఆఫీసు కారు దారిలో మొరాయిస్తే సంతకు వచ్చే మా ఊరి డ్రైవర్ మల్లేష్ జీపు ఎక్కి వచ్చాడు. వాపసు పోవాలి, ఇక్కడే ఉండమని మల్లేష్‌తో చెప్పి లోపలికొచ్చాడు.

"మీరు ఎప్పుడు చేసినట్టే చెయ్యిండ్రి. నేను నడుమల మాట్లాడ," అన్నాడు.

ఫిల్టర్ వైపు తిప్పాను. సున్నా. పది నిమిషాలయ్యాక బయటి గాలికి తిప్పాను. ముప్పై నాలుగు.

"తిప్పిన సార్. మీరు చూసిండ్రు గదా?" అన్నాను. నాకు సాక్షి కావాలి.

"చూసిన."

సంతకు పోలేదు. ఇద్దరం కుర్చీలు వేసుకుని ఆ అంకె ముందు కూర్చున్నాం. పదకొండు కావస్తోంది. ముప్పై మూడు, ఇరవై ఆరు, పదిహేను. చూస్తుండగానే నాలుగుకు పడిపోయింది.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

"సార్, నేనేం ముట్టలే."

"నాకు కనవడుతనే ఉన్నది." ఆయన లేచి, కళ్లద్దాలు సవరించుకుని వాల్వు దగ్గరికి వంగాడు. "ఇది సరిగ్గనే ఉన్నది. మరి మిషన్ కరాబైందా?"

"గిప్పుడే పరీక్ష చేస్తిమి గద సార్."

పనిముట్ల సంచి జీపులో ఉందని ఆయన బయటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను. మా గోడ నీడలో సంతకు జనాన్ని తెచ్చే ఆరు జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. నిరుడు వానాకాలంలో సంతను ఇటు మార్చినప్పటి నుంచీ వాటి అడ్డా ఇదే. డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. ఆరు ఇంజన్లూ గుడగుడమంటూనే ఉన్నాయి. ప్రతి వారం వినే చప్పుడే, అందుకే నాకు ఎప్పుడూ వినిపించలేదు.

"మల్లేషూ, గంటాయె నన్ను దించి. ఇంజన్ బందు చెయ్యలే?" అన్నాడు జలపతిరావు.

మల్లేష్ పకపకా నవ్వాడు. "బందు చేస్తే మల్ల లేస్తదా సార్? బ్యాటరీ ఖతం. గీడున్నయన్ని గంతే. పొద్దుగాల ఇంటికాడ ఎనకనుంచి నూకి లేపుతం, మల్ల ఇంటికి పోయినంకనే బందు."

ఆయన తల ఎత్తాడు. మా యంత్రం గాలి పీల్చే పైపు సరిగ్గా ఆ జీపుల నెత్తి మీద ఉంది. తర్వాత నా వైపు తిరిగాడు. "మేం పంపిన బండ్ల లెక్క ఫారంల రోజుకు పది బండ్లే అని రాసిండ్రు మీరు!"

నాకు మండింది. "పోయేటి బండ్లెన్నని అడిగిండ్రు సార్. ఇవి యాడికి పోతున్నయి? నిలవడ్డయి."

హైదరాబాద్ కుర్చీలో కూర్చుని ఫారం తయారు చేసినవాళ్లకు, నిలబడ్డ బండి అంటే ఇంజన్ ఆగిన బండే. వాళ్ల తప్పూ కాదు. ఉట్నూర్ జీపుల తీరు వాళ్లకేం తెలుస్తుంది?

"అయినా పొగ ఎక్కువైతే ఓజోన్ పెరగాలె గద సార్?"

"దూరం పోయి, ఎండకు ఉడికినంక పెరుగుతది. అప్పుడే గొట్టంల నుంచి వచ్చిన పొగల నైట్రిక్ ఆక్సైడ్ ఉంటది. అది పక్కన దొరికిన ఓజోన్‌ను దొరికినట్టు మింగుతది. మీ పైపుకు ఏం మిగుల్తది ఇగ?" అని ఆయన చేతులు పైకెత్తి డ్రైవర్లను పిలిచాడు. "జర అందరు బందు చెయ్యిండ్రి. పదిహేను నిమిషాలు చాలు."

"చేస్తం. మల్ల నూకేదెవలు?" అన్నాడు మల్లేష్.

"నేను నూకుత."

ఒక్కో ఇంజన్ ఆగింది. చెట్ల మీది పిట్టలు వినపడ్డాయి. ఇద్దరం దాదాపు పరుగున లోపలికొచ్చాం. నాలుగు, తొమ్మిది, పద్దెనిమిది. ఏ క్రికెట్ స్కోరూ నేనంత ఆత్రంగా చూడలేదు. ముప్పై ఒకటి. ముప్పై మూడు.

జలపతిరావు ఊపిరి వదిలి లాప్‌టాప్ తెరిచాడు. ఇన్నాళ్లూ పై ఆఫీసులో గంటల సగటులే చూశారట. ఇప్పుడు సంత రోజుల నిమిషాల లెక్కలు తీశాడు. "ఇగో, జీపుల సున్నా ఇది. ఒక బండి పోతె లేస్తది, ఇంకోటి వస్తె పడ్తది. దువ్వెన పండ్ల లెక్కున్నది. ఫిల్టర్ సున్నా గిట్లుండదు, గీత సాఫ్‌గ ఉంటది." వేలు ఎడమకు జరిపాడు. "ఇగో మీ పరీక్ష. పది నిమిషాలు సాఫ్ గీత, మల్ల ముప్పై." తర్వాతి వారం తెరిచాడు, ఆ తర్వాతి వారం తెరిచాడు. "ఏడాది మొత్తం చూడుండ్రి. ఒక్క వారం గూడ మర్చిపోలే మీరు."

"ఏమన్నరు సార్?"

"ఒక్క వారం గూడ మర్చిపోలే అన్న. లెక్కలు కొట్టేయరు. సంత గంటలకు వేరే గుర్తు పెడ్తరు, పైపును అవతలి దిక్కుకు మారుస్తరు. మీ అంకెలన్ని నిజమే."

ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు. నాకు వినపడలేదు. నేను బయటికొచ్చి, మల్లేష్ జీపు బానెట్ మీద చెయ్యి ఆనించి భోరున ఏడ్చాను. రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువంతా దిగిపోయింది.

అక్క అన్నట్టు నన్ను ఆపా అని పిలిచే మల్లేష్ చాయ్ గ్లాసు కింద పెట్టి ఉరికొచ్చాడు. "ఏమైంది ఆపా? నౌకరీ తీసేసిన్రా?"

"లేదురా. నా తలకాయ మంచిగనే ఉన్నదట!"

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "గది చెప్పనీకి హైదరాబాద్ కెల్లి రావాల్నా? నా బిడ్డ పుట్టిన తారీఖు నేను మర్చిపోతె నువ్వే చెప్తివి గదా. గా సూది ఏసే తారీఖులు గూడ నువ్వే యాది చేస్తివి. మమ్ములనడిగితె మేం చెప్పకపోదుమా?"

అడగాలని నాకు తట్టనే లేదు. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఈలోగా జలపతిరావు చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆరు జీపులు, నూకుతానన్న మాట. నేను దుపట్టా నడుముకు బిగించి ఆయన పక్కన నిలబడి మొదటి జీపు వెనక రెండు చేతులూ ఆనించాను.