కోళ్లు తిన్న రాతిపొడి

మా ఊళ్లో ఇల్లరికపు అల్లుడికి నోరుండదంటారు. జహారికి ఉంది గానీ, అత్తగారు స్తమాత్కా ముందు అది అట్టే పనిచేసేది కాదు. కోళ్ల విషయంలో మాత్రం ఒక్కసారి గెలిచాడు. ఆ గెలుపే ఆ వేసవంతా అతన్ని కుదురుగా కూచోనివ్వలేదు.

లోయ దిగువన సీసం కరిగించే ఫ్యాక్టరీ మూతబడి చాలా ఏళ్లయింది. పొగగొట్టం చల్లారింది గానీ, అది వెదజల్లిన బూడిద మా పెరళ్ల మట్టిని వదల్లేదు. జహారి కూతురు విహ్రా ఒంట్లో సీసం మోతాదు మించి ఉందని పట్నం డాక్టరు చెప్పారు. పిల్ల ఇంకా దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. తల్లి ద్యామంటిన ఆ రోజునుంచీ ఇల్లు కడిగిందే కడగడం. ఇంటి వెనక నాలుగు చెక్కలు నిలబెట్టి, కొండమీది అడవి నుంచి శుభ్రమైన మట్టి మోయించి పోయించింది. ఆడుకుంటే అందులోనే ఆడుకోవాలని పిల్లకు గిరి గీసింది. ఆ మట్టిలోనే కాసిని ఉల్లికాడలు, తీపి మిరప మొక్కలు వేసుకున్నారు.

తర్వాత కోళ్ల వంతు వచ్చింది. గుడ్లు పరీక్ష చేయిస్తే వాటిలోనూ సీసం తేలింది. రోజంతా కోళ్లు గీరి తినేది ఆ పెరటి మట్టే మరి. కోళ్లను తీసేయమన్నారు డాక్టరు. స్తమాత్కా ససేమిరా అంది. అంగట్లో గుడ్డు ఏ కోడి పెట్టిందో, ఏం తిని పెట్టిందో ఎవరికి తెలుసునని ఆమె వాదన.

అప్పుడు జహారి నోరు విప్పాడు. అతను పనిచేసే క్వారీలో లేత ఆకుపచ్చ రాయి తీస్తారు. దాన్ని మెత్తగా దంచి కోళ్ల ఫారాలకు అమ్ముతారు. దాణాలో కలిపితే ఆ పొడి కోడి కడుపులోనే సీసాన్ని పట్టేసుకుంటుందని, నెత్తురులోకి పోనివ్వదని అతను చెప్పాడు.

"మా ఆయన రాళ్లు కొట్టి నన్ను పోషించాడు. నువ్వు రాళ్లు పెట్టి కోళ్లను పోషిస్తావా అల్లుడూ?" అంది స్తమాత్కా.

అయినా కలిపింది. మొక్కజొన్న నూకలో, తవుడులో కలిపి పెడితే కోళ్లు మారుమాట లేకుండా తిన్నాయి. చెర్రీలు పండే నాటికి మళ్లీ గుడ్లు పరీక్షకు పంపారు. సీసం బాగా తగ్గిపోయింది. స్తమాత్కా తన చేతులతో గుడ్డు ఉడకబెట్టి, ఉప్పద్ది మనవరాలి చేతిలో పెట్టింది. బస్టాండు దగ్గర నలుగురిలో "మా అల్లుడు" అనడం కూడా ఆ వారమే మొదలైంది.

విహ్రాకు మళ్లీ రక్తం తీయించారు. సీసం తగ్గకపోగా పెరిగింది.

ఇంటికొచ్చాక జహారి కాలు నిలవలేదు. కిటికీల పాత రంగు గీకేశాడు. బొమ్మలన్నీ వేడినీళ్లలో వేశాడు. కుళాయి నీళ్లు సీసాలో పట్టి పట్నానికి మోసుకెళ్లాడు. నీళ్లలో ఏమీ లేదన్నారు. తన క్వారీ బూట్ల మీద అనుమానం వచ్చి వాటిని వీధి గేటు బయటే విప్పడం మొదలుపెట్టాడు. రాయే వికటించిందని అత్తగారు వంటింట్లోంచి అంటుంటే వినపడనట్టు నటించాడు. పొడి సంచీ విప్పి చూడటం, మళ్లీ మూతి కట్టడం రోజూ ఇదే పని.

ఒక ఆదివారం పొద్దున్న అతను గుమ్మంలో నిలబడి ఉండగా, స్తమాత్కా కోళ్లగూడు ఊడ్చి, ఒంటిచక్రం బండి తోసుకుంటూ వచ్చింది. మా దగ్గర కోడిపెంటను ఎవరూ చెత్తనుకోరు. పిండి దాచినట్టు దాస్తారు. ఆమె బండిని ఆ నాలుగు చెక్కల మధ్య బోర్లించి, పారతో సర్దింది.

"ఈ యేడు పెంట బరువుగా ఉందయ్యా అల్లుడూ. మిరప చూడు, ఎలా తేరుకుందో."

చెక్కల మధ్య విహ్రా చెంచాతో మట్టి తవ్వుతోంది. తవ్వి, చెంచా నాకింది.

జహారి గుమ్మం దిగి పరుగెత్తాడు. పిల్లను ఎత్తుకుని, అత్తగారి చేతిలోని పారను పట్టి ఆపాడు.

"అత్తయ్యా, రాయి సీసాన్ని పట్టుకుంది సరే. పట్టుకుని ఎక్కడికి పోతుంది?"

స్తమాత్కా పార వైపు చూసింది. కోళ్ల వైపు చూసింది. మళ్లీ మట్టి వైపు చూసింది. పెరడంతటి సీసాన్నీ కోళ్లు ఏరుకొచ్చి గూట్లో పెంటగా వేస్తే, తాను దాన్ని బండికెత్తి మనవరాలి ముందు పోస్తోందని ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ద్యామంటిన పిల్లను లోపలికి తీసుకుపోయి, గోళ్ల కింద కూడా బ్రష్షుతో రుద్ది కడిగింది. పిల్ల ఏడుపు పెరట్లోకి వినపడుతోంది. జహారి మిరప మొక్కలు వేళ్లతో సహా పీకసాగాడు. స్తమాత్కా కాసేపు సాయం పట్టి, ఆగిపోయింది. పక్కింటి హాటిజే గేదె పెరుగు ఇచ్చి, బదులుగా వసంతమంతా తన ఉల్లిమడికి ఈ పెంటే పట్టుకెళ్లింది. ఆమె ఇంట్లోనూ ఇద్దరు మనవలు.

మట్టి పరీక్ష చేయించి, ఖాయమయ్యాక చెబుదామన్నాడు జహారి. ఉత్తపుణ్యానికి ఊరంతా గగ్గోలవుతుందని, క్వారీలో తన మాట పోతుందని అతని బెంగ.

"అప్పటిదాకా ఆ పిల్లలు ఆ ఉల్లికాడలు తింటూ ఉండాలా?" అంది స్తమాత్కా. చేతులు కొంగుకు తుడుచుకుని వీధిలోకి నడిచింది. జహారి కూడా వెనకే వెళ్లాడు.

హాటిజే గేటు దగ్గర స్టూలు వేసుకుని చిక్కుళ్లు వలుస్తోంది. స్తమాత్కా కూర్చోలేదు. దాచకుండా, అల్లుడి మీద వేయకుండా మొత్తం చెప్పింది. హాటిజే చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తిట్టలేదు. ముందు పెరట్లోకి కేకేసి పిల్లలిద్దర్నీ ఇంట్లోకి పొమ్మంది. తర్వాత లేచి, తన ఉల్లిమడి వైపు తిరిగింది.

"ఎత్తేద్దాం వదినా. మీ అల్లుణ్ణి పార తెమ్మను." ఆమె మొహం అటే ఉంది. "ఎత్తి ఎక్కడ పోద్దాం?"

దిగువన వాగు. అందులోంచే పశువులు నీళ్లు తాగుతాయి. ఎగువన అడవి. శుభ్రమైన మట్టి అక్కడినుంచే రావాలి. స్తమాత్కా అల్లుడి మొహం చూసింది. అవతలి పెరట్లో కోళ్లు పొద్దుటి దాణా ముగించి, గోడ వారన మట్టి గీరుకుంటున్నాయి.