పేజీ అడుగున చీమల బారు

“ఈ మాట ఎవరు చెప్పారు?”

వంశచరిత్ర అచ్చుప్రతి మీద వేలు పెట్టి మా బావగారు అడిగారు. ఆయన తమ్ముడు, అంటే నా భర్త, కళ్లజోడు తుడుచుకున్నారు. నేను భోజనాల బల్ల మీది పళ్లాలు తీస్తున్నాను.

ఆ వేలి కింద ఉన్న వాక్యం ఇది: తాతగారు మంచం పట్టాక గడియారాల దుకాణాన్ని నడిపింది, గడియారాలు విప్పి బాగుచేసింది నాయనమ్మే అని పెద్దలు చెప్పగా తెలిసింది.

“పెద్దల్లో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే కదరా! నేనైతే చెప్పలేదు. ఆధారం లేనిది అచ్చులో ఎందుకు? కొట్టెయ్.”

“సరే అన్నయ్యా,” అని నా భర్త కలం మూత తీశారు.

ఆధారం ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నేనే రాశాను. కన్నుమూసే ముందు మంచాన ఉన్న మా అత్తగారికి తల దువ్వుతూ అడిగితే ఆవిడ చెప్పారు: కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, తన అత్తగారు, అంటే ఆ నాయనమ్మ, గడియారం విప్పుతుంటే పక్కన దీపం పట్టుకుని తానే నిలబడ్డారట. అక్కడితో ఆగక, పక్క దుకాణపు దర్జీ కూతురిని వెతికి పట్టుకుని విడిగా అడిగాను. ఇద్దరి మాటా కలిశాకే వాక్యం రాశాను. చూసి చెప్పినదేదో, విని చెప్పినదేదో వేరుచేసి మరీ రాశాను. నేను గ్రంథాలయంలో సూచికలు తయారుచేసిన మనిషిని. వాటి మీద సంతకం పై అధికారిది. ఇంట్లోనూ అంతే అయింది. “ఎవరు చదువుతారోయ్ ఈ చీమల బారు? పేజీకి అందం పోతుంది,” అంటూ నా భర్త అడుగు పంక్తులన్నీ తీయించి, వాటి స్థానంలో ‘పెద్దలు’ అనే మాట పెట్టారు. ముందుమాటలో మాత్రం, వేళకు కాఫీ అందించినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పారు. ముందు ఆధారాన్ని తుడిచెయ్యడం, తరువాత ఆధారం లేదని మనిషినే తుడిచెయ్యడం. నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

పళ్లాలు బల్ల మీదే వదిలేశాను. ఆయన చేతిలోని కలం తీసుకుని, ఆ వాక్యం కింద అత్తగారి పూర్తి పేరు రాశాను. దర్జీ కూతురి పేరు రాశాను. ఆ తరువాత నా పేరు.

“ఏమోయ్, పేజీ పాడుచేస్తున్నావ్!”

“అందులో నీ పేరెందుకమ్మా?” అన్నారు బావగారు.

“వెళ్లి అడిగింది నేను కనక. మిగతా వాక్యాలక్కూడా ఇలాగే రాస్తాను. అప్పటిదాకా ఇది ప్రెస్సుకి వెళ్లదు.”

“మరి ఈ పళ్లాలు?” అన్నారు నా భర్త.

నేను పేజీ తిప్పాను.

మీ ఇంట్లోనూ ఒక వంశచరిత్ర ఉండే ఉంటుంది, అచ్చులోనో, నోటిమాటగానో. అందులో ‘పెద్దలు చెప్పారు’ అన్న ప్రతిచోటా వేలు పెట్టండి. ఆ మాట ఏ పెద్దావిడ చెప్పిందో, ఆమెకెలా తెలిసిందో, వెళ్లి అడిగిందెవరో కింద రాయండి. రేపు కాదు. అడగడానికి ఆమె ఇంకా ఉండగానే రాయండి.