అత్తగారి స్కోరు, అల్లుడి బ్యాకప్

మా అమ్మాయి ప్రశాంతి మొగుడు ప్రతాప్‌కు తిరుపతిలో కంప్యూటర్ల షాపుంది. మనిషి మంచివాడే. కాకపోతే తాను పెట్టిన వస్తువుకు తిరుగులేదంటాడు, ఎదుటివాడు ఔననేదాకా వదలడు. చిత్తూరు మిట్టూరులో ఉన్న మా ఇంటికీ ఒక కంప్యూటర్ తెచ్చి బిగించాడు. రెండువేల నాలుగో సంవత్సరం అది.

మామిడికాయల మండీలో పనిచేసి రిటైరైన నాకు ఆ పెట్టెతో ఏం పని? దాన్ని వాడింది మా ఆవిడ యశోదమ్మ. అందులో పిన్‌బాల్ అని గోళీని ఎగరగొట్టే ఆట ఉంది. మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి కూర్చుందంటే కరెంటు పోతేనే లేచేది. ఎక్కువ స్కోరు చేసినవాళ్ల పేర్లు ఆ ఆటలో వరుసగా కనిపిస్తాయి. మొదటి పేరు ఆమెది. రేషన్ కార్డులో నా తర్వాత, కూతురి పెళ్లి పత్రికలో నా తర్వాత, గేటు మీద అసలే లేని పేరు అక్కడ మాత్రం అందరికంటే పైన ఉంది. రోజూ దాన్ని ఒకసారి చూసుకునిగానీ ఆట మొదలుపెట్టేది కాదు. నాకు ముచ్చటేసేది.

వినాయక చవితికి వచ్చిన ప్రతాప్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడు.

"డిస్కు మొత్తానికి ఫొటో తీసినట్టు మామా. రేపు ఏం చెడిపోయినా, ఈ దినం ఎట్లుండాదో అట్లనే తెచ్చి నిలబెడతాది" అన్నాడు. ఆ ఫొటోను సీడీల్లోకి ఎక్కించి బీరువాలో పెట్టాడు.

దసరాకు వచ్చినప్పుడు చేసిందే అసలు ఘనకార్యం. పొద్దుటినుంచి సాయంత్రందాకా పిన్‌బాల్ ముందునుంచి లేవలేదు. అల్లుడి ముందు కుర్చీలో కూర్చోవడం మా ఆవిడకు అలవాటు లేదు, లెమ్మని అనడం అంతకన్నా లేదు. మురుకులు పెట్టింది, కాఫీ ఇచ్చింది, వెనక నిలబడి చూసింది.

"అత్తా, మీ పేరు రెండో చోటికి దిగిపోయింది సూడండి" అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. అందుకే నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. అతను వెళ్లాక ఎంత ఆడినా ఆమె స్కోరు అతని స్కోరులో సగం కూడా దాటలేదు. అన్నం సరిగా తినలేదు. నాకు అల్లుడి మీద ఒళ్లు మండింది.

దీపావళికి ప్రతాప్ వచ్చేసరికి పక్కింటి దేవకమ్మ మా హాల్లో ఉంది.

"వీళ్లు కూడా కంప్యూటర్ తీసుకుంటారంట" అంది మా ఆవిడ. "మీరు వేసిన బ్యాకప్పు నిజంగా పనిచేస్తాదా అని ఈమెకు అనుమానం. నేనేమో మా అల్లుడు చేసినాడంటే తిరుగుండదని చెప్పినాను."

ప్రతాప్ ఛాతీ విరుచుకున్నాడు. "ఇప్పుడే సూపిస్తాను. ఫొటో తీసినాక మీరేమన్నా చేసుకునుంటే పోతాయి, ముందే చెప్తా ఉండాను. ఏమన్నా ఉండాయా?"

నాకేం లేవన్నాను.

"నాకేముంటాయి" అంది మా ఆవిడ.

తనకేమున్నాయో అతను తలుచుకోలేదు. కంప్యూటర్ సీడీలను ఒకటొకటిగా మింగుతోంది. సగం దాటాక నాకు వెలిగింది. మా ఆవిడ వైపు చూశాను. ఆమె దేవకమ్మకు చక్కిలాలు పెడుతోంది. నేను నోరెత్తకుండా కాఫీ తాగాను.

చివరికి తెర మామూలుగా వచ్చింది. చవితినాడు తెర మీద పెట్టిన వినాయకుడి బొమ్మతో సహా అంతా అప్పటిలాగే ఉంది. "సూడండి పెద్దమ్మా" అన్నాడు ప్రతాప్.

"ఆ ఆట కూడా వచ్చిందో లేదో తెరవండి" అంది మా ఆవిడ.

తెరిచాడు. స్కోర్లు వచ్చాయి. మొదటి పేరు యశోద. ప్రతాప్ కిందిదాకా వెతికాడు. మళ్లీ పైకి వచ్చాడు. అతని పేరు ఎక్కడా లేదు.

"అత్తా..." అని ఆగిపోయాడు.

దేవకమ్మ ముందుకు వంగింది. "ఏం నాయనా, ఏమన్నా పోయిందా?"

ప్రతాప్ తెర వంక చూశాడు, దేవకమ్మ వంక చూశాడు.

"లేదు పెద్దమ్మా, అన్నీ వచ్చినాయి" అన్నాడు.

మా ఆవిడ సీడీలు ఏరి కొంగుతో తుడిచింది. "ఇంకమీదట ఈ బ్యాకప్పు తీసే పని నాకు నేర్పించండి అల్లుడూ. ఎప్పుడు తీయాల్నో నేను సూసుకుంటాను."